కుట్టని చివరి వారం

ఈరోజు తెనాలి స్టేషన్ బయట పాత పుస్తకాల కుప్పలో ఒక డిటెక్టివ్ నవల కనబడగానే ముక్కుకు మైదా జిగురు వాసన తగిలింది. వారపత్రికల్లోంచి సీరియల్ కాయితాలు చించి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట అంటించుకునేవాళ్ళం. మీ ఇళ్ళల్లోనూ ఉండేవిగా?

రేపల్లెలో మా ఇంట్లో ఆ పని మా మేనత్తది. మిలటరీలో ఉన్న మావయ్య డెబ్భై ఒకటి యుద్ధం అయిపోయినా తిరిగి రాలేదు, కబురూ రాలేదు. అత్తయ్య బొట్టు ఇప్పటికీ తీయలేదు.

ఈ నవల అప్పట్లో సీరియల్. విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డ రోజుల కథ. కనబడకుండా పోయిన సిపాయి కోసం డిటెక్టివ్ వెతుకుతుంటాడు. మధ్యాహ్నాలు అత్తయ్య పైకి చదువుతుంటే పిల్లలం వేరుశనక్కాయలు ఒలవడం కూడా మర్చిపోయేవాళ్ళం. తీరా చివరి భాగం దగ్గరికొచ్చేసరికి, "ఆ వారం పత్రిక రాలేదర్రా," అంది. ఎంత తిట్టుకున్నామో! సిపాయి బతికే ఉన్నాడని మాకు మేమే తేల్చేసుకున్నాం.

ఇవాళ అక్కడే నిలబడి చివరి పేజీలు చదివాను. కథ మొదలవకముందే సిపాయి చనిపోయాడు.

బాపట్లలో ఉంటున్న అత్తయ్యకు ఫోన్ చేశాను. "ఆ సిపాయి నవల దొరికిందత్తయ్యా, చివరి భాగంతో సహా."

అవతల టీవీ గొంతు ఆగిపోయింది.

"ఆ వారం పత్రిక వచ్చిందే. నేనే పొయ్యిలో పెట్టాను," అంది. "నువ్వు చదివావా?"

"ఇంకా లేదత్తయ్యా."

"చదవబాకే తల్లీ."