బాపు లాంపు

మా వైపు నల్లబడ్డ గోళ్లు కనిపిస్తే పేరు కన్నా ముందు బాయి అడుగుతాం. బాయంటే బొగ్గు గని. పోయినేడు కరీంనగర్‌లో గోదావరిఖని బస్సెక్కి, పక్క సీట్లోని అబ్బాయిని నేనూ అదే అడిగాను. పేరు అడగడం చివరిదాకా కుదరనే లేదు.

"ఏ బాయిల పని తమ్మీ?"

"బాయి గాదక్కా. పట్నంల పాత బ్యాటరీలు పగలగొడ్త. మిషన్ల ఏస్తే నల్లటి పొడి అయితది. అండ్లకెల్లి లిథియం, కోబాల్టు తీసి మళ్ల కొత్త బ్యాటరీలు చేస్తరు."

కాసేపటికి తనే మళ్లీ మాట కలిపాడు.

"మొన్న ఒక లోడుల బాయి లాంపులొచ్చినయ్, టోపీకి పెట్టుకునేటియి. ఒకదాని బ్యాటరీ డబ్బా మీద మేకుతోని గీకిన నా పేరున్నది. బాపు రాత."

వాళ్ల నాన్న గనిలో బండ పడి చనిపోయాడట. ఆ దీపాన్ని ఆ తర్వాత ఇంకెవరో వాడి ఉంటారు.

"మరేం జేసినవ్?"

"స్విచ్చేసి చూసిన. ఎలగలే. ఇంకొకల చేతికియ్య మనసొప్పలే. నేనే పగలగొట్టిన."

"అమ్మకు చెప్పినవా?"

అతను కిటికీ వైపు తిరిగాడు.

"షిఫ్టు అయినంక లాంపు రూముకు లాంపొచ్చిందంటే మనిషి పైకొచ్చినట్టే. బాపు ఆలస్యమైతే అమ్మ ఆడికే పోయి అడిగేది. ఇప్పుడు లాంపు దొరికిందని ఆమెకెట్ల చెప్పాలె?"

గోదావరిఖని దగ్గరపడుతుంటే నా నీళ్ల సీసా అడిగి తీసుకున్నాడు. చేతులు కిటికీ బయటపెట్టి కడుక్కున్నాడు. గోళ్లలో నలుపు పోలేదు. సీసా ఖాళీ అయ్యేదాకా కడుగుతూనే ఉన్నాడు.