మూడో వాటా

అమలాపురంలో కేశవరావుగారి పెంకుటింట్లో మూడో వాటాలో అద్దెకుండే మంగతాయారు, తెల్లారగానే నాలుగు వాటాల వాకిళ్లూ తనే ఊడ్చేది. ఆనక అరుగు మీద కాళ్లు చాపుకుని, కొబ్బరాకులు చీరి ఈనెల చీపుళ్లు కట్టుకుంటూ కూచునేది. ఎక్కడుంటారని ఎవరడిగినా వీధి పేరు చెప్పేది కాదు. "మాది మూడో వాటా అండి" అనేది.

ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టించే ముందు కేశవరావుగారు అద్దెకున్నవాళ్లందర్నీ పిలిచి విడమరిచి చెప్పేరు. "స్థలం నాది, కట్టుబడి బిల్డరుది. సగం వాటా ఆయనకి, సగం వాటా నాకు." మిగతావాళ్లు తలలు దించుకున్నారు. మంగతాయారు మాత్రం కొంగుతో చేతులు తుడుచుకుని, "ఆయ్, మంచిదండి. మరి మా వాటా ఏ అంతస్తులో వస్తాదండి? మోకాళ్ల నెప్పులు కదా, కిందదైతే బావుంటాది" అంది.

నీది అద్దె వాటాయేనని చెప్పడానికి నోరు రాక కేశవరావుగారు చెప్పుల కోసం వెతుక్కున్నారు. ఆ వెతుకులాట చూసేకే ఆవిడకి అర్థమైంది.

ఇప్పుడావిడ కాలవగట్టు మీద రేకుల గదిలో ఉంటోంది. అక్కడా వాకిలి ఊడుస్తుంది, తన గది మేరకి. ఎక్కడుంటారని అడిగితే, "కాలవగట్టు మీద ఉంటున్నామండి" అంటుంది. "మాది" అనదు.