కొండ అవతలి నుంచి బదులు

ఆత్మకూరు దగ్గరి బీళ్లలో జరిగే స్కైడైవింగు చూడ్డానికి తాను రానంటే రానని మొండికేశాడు పెంచలనరసయ్య. తీరా తెల్లారేసరికి అందరికంటే ముందు ఆటోలో కూర్చున్నది ఆయనే. దూకబోయేది మనవరాలు ప్రవళిక మరి.

విమానం గద్దలా చుట్లు తిరిగింది. అందులోంచి మనుషులు గింజల్లా రాలారు. కాసేపటికి ఆకాశంలో రంగురంగుల గొడుగులు విచ్చుకున్నాయి.

"మన బిడ్డ ఏదిరా? దాని గొడుగు తెరుచుకున్నిందా?" అన్నాడు కొడుకుతో.

"అందరికీ ఒకటే టోపీ, ఒకటే గుడ్డలు. ఏమని చెప్పేది నాయనా?" అన్నాడు వెంకటేష్, మెడ పైకెత్తి.

వేరేవాళ్ల మందలో కలిసిన తన గొర్రెను సైతం ఆనవాలు పట్టే మనిషికి మనవరాలి ఆనవాలు దొరకలేదు. చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, మందను పిలిచే కూత పెట్టాడు.

"ఏంది పెద్దాయనా, పైన గొర్రెలుండాయా?" పక్కనెవరో నవ్వారు.

ప్రవళిక చిన్నప్పుడు సెలవులొస్తే మర్రిపాడు మెట్టల్లో ఆయనతోపాటు మంద వెంట తిరిగేది. కొండ అవతల ఉన్నా తాత కూతకు బదులు కూయాలి. అది వినబడేదాకా ఆయన మందను ఇంటిదారి పట్టించేవాడు కాడు.

ఆయన మళ్లీ కూశాడు. పసుపుపచ్చ గొడుగు కింద నుంచి సన్నగా, సాగదీసి, అదే కూత బదులొచ్చింది.

పెంచలనరసయ్య ఉన్నచోటే చతికిలబడి, తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

"తొందరేమీ లేదు, నిమ్మళంగా దిగనీ" అన్నాడు.