కొండ మధ్యలో అమ్మయ్య

మా నాన్నకి మంచు అంటే భయం. అలాంటి మనిషికి స్కీయింగ్ చేసే కూతురు పుట్టింది. ఎవరి కర్మకి ఎవరు కర్తలు! పోనీ హాయిగా కొండ మీంచి జారిపోయే స్కీయింగా అంటే అదీ కాదు, క్రాస్ కంట్రీ. కొండ ఎక్కాలి, దిగాలి, ప్రాణం నోట్లోకి వచ్చేదాకా మళ్ళీ ఎక్కాలి. మేముండే కెల్లీవిల్‌లో మంచెక్కడిది? ఏడాదిలో సగం రోజులు చక్రాల స్కీలు కట్టుకుని మా వీధుల్లోనే తిరిగేదాన్ని. ఎదురొచ్చిన ఆంటీలు "యూనివర్సిటీలో ఎప్పుడు చేరతావమ్మా?" అని ఆరా తీసేవాళ్ళు.

చలికాలం రాగానే నాన్న మమ్మల్ని కారెక్కించి మంచు కొండలకి తీసుకెళ్ళేవాడు. రేసు ముగిసే గీత దగ్గర, మంకీ క్యాప్ పెట్టుకుని, అమ్మ పక్కన నిలబడేవాడు. మిగతా నాన్నలు గొంతు చించుకుని అరిచేవాళ్ళు. మా నాన్న మాత్రం నేను గీత దాటాక ఒకే ఒక్క మాట అనేవాడు.

"అమ్మయ్య!"

మా జట్టు పిల్లలకి ఆ మాట తెగ నచ్చేసింది. తెలుగులో "ఇంకా గట్టిగా, కానియ్" అని అర్థం కాబోలనుకున్నారు. ఇక ప్రతి ఎత్తు దగ్గరా దారి పక్కన చేరి "గో, అమ్మయ్యా!" అని కేకలు. సగం కొండ ఇంకా నెత్తిమీద ఉంటే అమ్మయ్య ఏమిటి, నా మొహం! చివరికి ఒలింపిక్స్‌దాకా వెళ్ళాను, అక్కడా అదే కేక. ఆ ఫలితాల్లో కింది నుంచి వెతికితే తొందరగా దొరుకుతాను. అయినా పూర్తిచేశాను. గీత అవతల మంచులో పడి ఏడుస్తుంటే, నాన్న తన మాట తాను అన్నాడు.

ఆ తర్వాత ఇంకొన్నాళ్ళు లాగించాను. కాళ్ళు బాగానే ఉన్నాయి, మనసే లేదు. మానేస్తానని నాన్నకి చెప్పడం ఎలా? గరాజ్‌లో సగం నా స్కీలే. పాత ఇస్త్రీ పెట్టెతో వాటి అడుగున మైనం కరిగించి, గీకి, తుడిచి, అద్దంలా చేసేవాడు. తన పట్టుచీరలకి ఏనాడూ అంత భాగ్యం పట్టలేదని అమ్మ సాధింపు. ఆ చేతిలోంచి ఇస్త్రీ పెట్టె ఎలా లాక్కోను?

ఓ ఆదివారం మధ్యాహ్నం గరాజ్‌లోకి వెళ్ళి చెప్పేశాను.

"నాన్నా, ఐయామ్ డన్. ఇంక రేసులు వద్దు."

ఇస్త్రీ పెట్టె స్విచ్ కట్టేశాడు. "దెబ్బేమైనా తగిలిందా? కోచ్ ఏమన్నా అన్నాడా?"

"లేదు. చాలనిపించింది, అంతే."

కుర్చీలో కూలబడ్డాడు.

"అమ్మయ్య!"

అంత పొడుగు అమ్మయ్య నేనెప్పుడూ వినలేదు. "ఏంటి, హ్యాపీనా?" అన్నాను, నమ్మలేక.

"నువ్వు కొండ దిగుతుంటే నేను చూళ్ళేను తల్లీ. కళ్ళు మూసుకునేవాణ్ణి. నువ్వు గీత దగ్గరికి వచ్చేశావని మీ అమ్మ మోచేత్తో పొడిస్తే అప్పుడు తెరిచేవాణ్ణి. నీ రేసు ఒక్కటీ పూర్తిగా చూళ్ళేదు."

"మరి ఎప్పుడూ చెప్పలేదే?"

"నీకు చాలనిపించి ఆపాలి గానీ, నా భయానికి ఆపితే ఎలా?"

ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఎంత తేలికపడ్డానో చెప్పలేను. ఆ సాయంత్రమే ఆయన్ని సోఫాలో కూర్చోబెట్టి ఒలింపిక్ రేసు వీడియో పెట్టాను. ఈసారి కళ్ళు మూస్తే ఒప్పుకోనన్నాను. మూయలేదు. పెద్ద వాలు రాగానే నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"పక్కనే ఉన్నాను కదా నాన్నా, నాకేం కాలేదు" అన్నా వినడే. తెరమీద నేను కిందికి చేరేదాకా నా చెయ్యి వదల్లేదు.