లైనులో నాలుగో మనిషి

1979 ఎండాకాలం. ఆదోనిలోని ఒక జిన్నింగు మిల్లులో నేను టెలిఫోను బోర్డు ఆపరేటరుగా పనిచేస్తున్నాను. జిన్నింగు అంటే పత్తిలోంచి గింజ తీసి దూదిని వేరుచేయడం. ఆ దూదిని ప్రెస్సులో బిగించి బేళ్లు కడతారు. మా మిల్లుకు ఎమ్మిగనూరులో ఒక గోడౌను, నందవరంలో రైతుల దగ్గర పత్తి కొనే కాటా ఉండేవి. ఈ మూడు చోట్లనూ కలుపుతూ మిల్లుకు సొంతంగా ఒక లైను ఉండేది. దాన్ని ఆమ్నిబస్ లైను అనేవాళ్లం. అంటే ఒకే తీగ మీద అందరి ఫోన్లూ ఉంటాయి. ఒక పొడుగు రింగు వస్తే ఎమ్మిగనూరుకు, రెండు పొట్టి రింగులు వస్తే నందవరానికి. ఎవరి కోసం మోగినా రిసీవరు ఎత్తిన ప్రతివాడికీ మాటలన్నీ వినిపిస్తాయి.

ఈ లైనుకు మిల్లు ఏడాదికోసారి అద్దె కట్టేది. మాట్లాడినా, మాట్లాడకపోయినా అద్దె ఒకటే. పొద్దున ఆదోని మార్కెట్టు రేటు రాగానే రెండు చోట్లకూ చెప్పేవాణ్ణి. సీజనులో అయితే ఊపిరాడేది కాదు. ఎండాకాలం వచ్చిందంటే ఆ రేటు చెప్పడంతోనే నా పని అయిపోయేది. మధ్యాహ్నాలు బోర్డు ముందు కూర్చుని ఈగలు తోలుకోవడమే.

ఇప్పుడు ఫోన్లలో నలుగురూ నాలుగు ఊళ్లలో ఉండి, వేషాలు కట్టి కలిసి ఆడే ఆటలు ఉన్నాయట. వాటిలో పైసా కట్టక్కర్లేనివి ఏవి మంచివని మా ఇంట్లోవాళ్లు గంటల తరబడి వెతుకుతుంటారు. నాకు అది వింతగా తోచదు. ఆ ఎండాకాలం మేం ముగ్గురం వెతికింది కూడా అలాంటి ఆట కోసమే.

ఎమ్మిగనూరు గోడౌను తాళాలు ఖాజా దగ్గర ఉండేవి. మెత్తని మనిషి. నందవరం కాటా దగ్గర ఈరన్న. వాడికి ఎవరి గొంతయినా పలికేది. మొదట పొడుపుకథలు వేసుకున్నాం. కొద్ది రోజులకే అవి అయిపోయాయి. తరువాత ఎవరి దగ్గర వాళ్లు గళ్లు గీసుకుని, కదిపిన గడి పేరు చెప్పుకుంటూ పులి మేక ఆడాం. ఈరన్న తన పులిని మాకు చెప్పకుండా జరిపేవాడు.

"నీ పులి పొద్దున ఆ మూల ఉండె గదప్పా" అనేవాడు ఖాజా.

"పులి అన్నాక తిరగదా భాయ్? నీ మాదిరి తాళాలు పట్టుకుని ఒకే తావున కూసుంటాదా?"

ఆ ఆట అలా పోయింది. పాటల ఆట పెడితే నందవరం వైపు తీగలో గరగర తప్ప పాట వినపడేది కాదు.

ఒకరోజు ఈరన్న ఎమ్మిగనూరు మేనేజరు గొంతుతో ఖాజాను పిలిచాడు. "ఏమయ్యా, తాళాలు యాడ పెట్టినావు? ఇంటికి ఎత్తుకొనిపోయినావా?" ఖాజా నిజమే అనుకుని, "లేదు సార్, ఈడే ఉండాయి సార్" అంటుంటే మేమిద్దరం పడిపడి నవ్వాం. ఖాజాకు కోపం రాలేదు. "మంచిగుందప్పా, రేపు నన్ను ఎవర్నయినా చెయ్యండి" అన్నాడు.

ఆట అక్కడ దొరికింది. ఆదోని కోట మాకు రోజూ కళ్లెదుట కనిపించేదే. దాన్నే తీసుకుని, ఆ కోటను ఏలే ఒక ఖిల్లాదారుణ్ణి, ఒక వర్తకుణ్ణి, ఒక దారిదోపిడీ దొంగను కల్పించాను. వేషాలు రోజూ మారతాయి. ఏ వాకిలి ఎక్కడుంది, ఎవరు కాపలా, వాన పడుతోందా లేదా అన్నది చెప్పడం నా వంతు. నియమం ఒక్కటే పెట్టాను. వేషం కట్టాక సొంత పేరు పలకకూడదు. పలికినవాడు మరునాడు గుర్రం. గుర్రానికి మాటలుండవు, సకిలించడమే. నందవరం కాటా ముందు నిలబడి ఈరన్న సకిలిస్తుంటే రైతులు వింతగా చూసేవాళ్లట.

నిజం చెప్పాలంటే ఆ ఆట చాలా బాగుండేది. అప్పటికీ ఇప్పటికీ నాకు ఆ విషయంలో సందేహం లేదు. బోర్డు ముందు ఏళ్ల తరబడి కూర్చున్న నేను మొదటిసారి ఒక ఊరిని నడుపుతున్నట్టు ఉండేది. ఆ గొప్ప నాకు బాగా తలకెక్కింది కూడా.

ఆ రోజు దొంగ వేషం ఖాజాది. ఖిల్లాదారు ఈరన్న. మేనేజరు కర్నూలు పోయాడని ఖాజా ముందే చెప్పాడు. కోట గిడ్డంగిలో దూది బేళ్లు ఉన్నాయని నేను కథ మొదలుపెట్టాను.

"వెనక వాకిలి కాడ కావలోన్ని మనోన్ని చేసుకున్నా" అన్నాడు దొంగ. "బండ్లు సిద్ధంగా ఉండాయి. బేళ్లన్నీ ఒక్క దెబ్బకు దాటిస్తా."

ఇక్కడ మా పనిలోని ఒక చిన్న సంగతి చెప్పాలి. ఒకే తీగ మీద ఒక్కో రిసీవరు లేచినప్పుడల్లా మిగతావాళ్లకు శబ్దం రవ్వంత తగ్గుతుంది. మామూలు మనిషి పట్టుకోలేడు. ఆపరేటరు చెవికి మాత్రం అది పక్కన ఎవరో వచ్చి కూర్చున్నట్టు తెలుస్తుంది. ఖాజా ఆ మాట అంటుండగా శబ్దం తగ్గింది. ముగ్గురం అప్పటికే లైనులో ఉన్నాం. నాలుగో మనిషి వచ్చాడు.

"ఎవరక్కడ? ఏ బేళ్లు?" అంది గొంతు. మేనేజరు కర్నూలు నుంచి తొందరగా తిరిగివచ్చి తన గదిలో ఫోను ఎత్తాడు.

ఖాజా అది ఈరన్న పలికించే మేనేజరు గొంతే అనుకున్నాడు. రోజూ వినేదే కదా. ధీమాగా జవాబిచ్చాడు. "నీ గిడ్డంగిలోవేనప్పా. తాళాలు నా చేతిలోనే ఉండాయి. నన్నెవరు ఆపుతాడు?"

నందవరంలో టక్కున రిసీవరు పెట్టేసిన చప్పుడయింది. అది తన గొంతు కాదని ఈరన్నకు తెలుసు గదా, భయపడ్డాడు. నాకూ తెలుసు. "ఖాజా, నిజం మేనేజరు, ఇది ఆట అని చెప్పు" అంటే చాలు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ లైను నా చేతిలో ఉండేది, ఆట నాది. నోరు తెరిస్తే ముందు పోయేది నా ఉద్యోగమే అనిపించింది. ప్లగ్గు తీసి పక్కన పెట్టాను.

మేనేజరు గోడౌనులోకి నడిచి, రిసీవరు చెవిన పెట్టుకుని నవ్వుతున్న ఖాజా చేతిలోంచి తాళాలు తీసుకున్నాడు. ఆటే అని ఖాజా మొత్తుకున్నాడు. ఎవరితో ఆడావంటే మా ఇద్దరి పేర్లూ చెప్పాడు. మేనేజరు నందవరానికి ఫోను చేస్తే ఈరన్న తనకేమీ తెలియదన్నాడు. నన్ను అడిగితే, "రేటు చెప్పడం వరకే సార్, ఆ తరువాత నేను లైనులో లేను" అన్నాను. ఆ అబద్ధం చెప్పేటప్పుడు నా గొంతు కొంచెమైనా తడబడలేదు. ఇన్నేళ్ల తరువాత కూడా నన్ను బాధించేది ఆ తడబడకపోవడమే.

కొన్ని రోజులకు ఖాజా ఎమ్మిగనూరు బస్సులో వచ్చి మిల్లు గేటు దగ్గర నిలబడ్డాడు. గడ్డం మాసిపోయి ఉంది. టీ తాగుదాం రమ్మంటే రాలేదు.

"రేపు మేనేజరు ఈడికి వస్తాండాడు. సావుకారుతో సెప్పి పోలీసులకు రాస్తాడంట" అన్నాడు.

"రవ్వంత ఓపిక పట్టు ఖాజా. ఆయన కోపం సల్లారనీ."

"తాళాలు తీసుకున్నారంటే యేమో తెల్సునా నీకు? ఊర్లో ఇంక ఏ గోడౌనోడు నన్ను లోపలికి రానీడు. మా నాయిన తాళాలు పట్టినాడు, నేను పట్టినా. ఇప్పుడు అంగళ్ల కాడ నన్ను చూసి గల్లాపెట్టె మూస్తాండారు."

టీకని తీసిన చిల్లర మళ్లీ జేబులో వేసుకున్నాను.

"దొంగ వేషం నువ్వే కట్టించినావ్ రంగన్నా" అన్నాడు మెల్లగా. "ఆ వేషం నువ్వే విప్పల్ల. నా సేత కాదు."

తరువాత గొంతు ఎత్తకుండానే బస్టాండు వైపు వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

మరునాడు పొద్దున మేనేజరు వచ్చి మిల్లు యజమాని సావుకారు గదిలో కూర్చున్నాడు. ఖాజాను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. నేను బోర్డు మీది ప్లగ్గులు సర్ది, లేచి, పిలవకుండానే లోపలికి వెళ్లాను. అంతా చెప్పాను. కోట, ఖిల్లాదారు, దొంగ, సొంత పేరు పలికితే గుర్రం. లైనులోకి మేనేజరు వచ్చినట్టు నాకు ముందే తెలిసిందనీ, భయపడి ఊరకున్నాననీ, అడిగినప్పుడు అబద్ధమాడాననీ కూడా చెప్పాను.

మేనేజరు నవ్వాడు. "పెండ్లాం పిల్లలుండే మగోళ్లు గుర్రాలాట ఆడినారంట సావుకారీ. స్నేహితునికోసం కథ కట్టుకొనొచ్చినాడు."

సావుకారు వయసు మళ్లినవాడు, మాట తక్కువ. "నందవరమోడు కూడా ఆడినాడంటివే. ఆన్ని పిలువు. ఈడ ఏం జరుగుతాందో ఆనికి సెప్పొద్దు. ఆట మొదలుపెట్టు. ఆడినాడా, నీది నిజం. లేదా, నువ్వూ బెంచీ మీద కూసో."

ఆయన తన బల్ల మీది ఫోను ఎత్తి చెవిన పెట్టుకున్నాడు. మేనేజరు పక్కకు జరిగి చెవి ఆనించాడు. నేను బోర్డు దగ్గరికి వచ్చి రెండు పొట్టి రింగులిచ్చాను. తలుపు తెరిచే ఉంది. ఖాజా బెంచీ మీది నుంచి చూస్తున్నాడు.

"సెప్పన్నా. రేటెంత ఈ పొద్దు?" అన్నాడు ఈరన్న.

"ఖిల్లాదారుగారూ, వెనక వాకిలి తెరుచుకుంది. ఏం సెలవు?" అన్నాను.

"ఏం వాకిలప్పా? నాకేం తెల్సు. నేను కాటా కాడ ఉండా."

"దొంగను పట్టుకున్నారు ఖిల్లాదారుగారూ. మీ తీర్పు కోసం కాసుకోనుండారు."

"యా దొంగా నాకు తెలీదు. ఈడ పనుంది నాకు. పెట్టేస్తాండా."

లోపల మేనేజరు కుర్చీ కదిలిన చప్పుడయింది. ఈరన్న భయపడ్డాడని నాకు అర్థమయింది. ఖాజా మీద పడిన నింద సంగతి వాడికి తెలుసు. లైనులో ఎవరున్నారో మాత్రం తెలియదు. చీకట్లో ఉన్నవాణ్ణి నేను ఆడమంటున్నాను. ఎమ్మిగనూరులో ఖాజాకు చేసిందే, మళ్లీ ఈరన్నకు చేస్తున్నాను.

సావుకారు చెప్పొద్దన్నది గుర్తుంది. చెబితే పరీక్ష చెడిపోతుందనీ తెలుసు. అయినా నోరు తెరిచాను.

"ఈరన్నా, నేను రంగన్నను. లైన్లో సావుకారు ఉండాడు, మేనేజరు ఉండాడు. అంతా వింటాండారు. ఆట పెట్టింది నేనని సెప్పేసినా. తప్పు నాది. నీ ఇష్టం వచ్చినట్ల మాట్లాడు."

లోపలి నుంచి, "సూడండి, సెప్పిచ్చుకుంటాండాడు" అన్నాడు మేనేజరు. ఖాజా రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. నందవరం వైపు నుంచి గరగర తప్ప ఏమీ లేదు. రిసీవరు పెట్టేసిన చప్పుడు మాత్రం రాలేదు.

తరువాత ఈరన్న గొంతు సవరించుకున్నాడు. ఖిల్లాదారు గొంతుతో, నిదానంగా అన్నాడు.

"పేరు పలికినావ్. రేపు గుర్రం నువ్వే."

లోపలి గదిలోంచి సావుకారు నవ్వు వినిపించింది. ఆయన నవ్వగా నేను అంతకుముందు వినలేదు. గుర్రం సంగతి ఆ గదిలో నేను చెప్పానే తప్ప నందవరంలో ఉన్నవాడికి ఎవరూ గుర్తు చేయలేదు. భయపడి ఉన్న మనిషి నోట ఆ మాట దానంతటదే రావాలంటే, ఆ ఆట రోజూ ఆడి ఉండాలి.

"తాళాలు ఇచ్చెయ్యి" అన్నాడు సావుకారు మేనేజరుతో. "ఇచ్చేటప్పుడు బజారులో నలుగురి ముందర ఇయ్యి." నా వైపు తిరిగి, "నిన్నేం చెయ్యల్లో నాకు తెలీటం లేదు. పోయి బోర్డు కాడ కూసో" అన్నాడు.

మేనేజరు ఆ తరువాత నన్ను ఎప్పుడూ నమ్మలేదు. అది న్యాయమే. ఖాజా చాలా కాలం నన్ను అన్నా అని పిలవలేదు. "ఆదోనీ" అని పిలిచేవాడు, ఊరిని పిలిచినట్టు. అదీ న్యాయమే.

ఆటను ఎవరూ మానమనలేదు. మరునాడు మధ్యాహ్నం ఖాజా తనే రింగు ఇచ్చాడు. ఈరన్న వచ్చాడు. వాకిలి ఎక్కడో చెబుదామని నోరు తెరవబోతుంటే శబ్దం రవ్వంత తగ్గింది. పక్క గదిలో సావుకారు తన ఫోను ఎత్తాడు. ఊపిరి కూడా వినపడకుండా జాగ్రత్తపడుతున్నాడు.

పైసా ఖర్చు లేని ఆటలు అప్పుడూ దొరికేవి, ఇప్పుడూ దొరుకుతాయి. వాటిలో మంచిది ఏదని మా ఇంట్లోవాళ్లు అడిగితే నేను ఆ తీగను తలుచుకుంటాను. లోపలికి ఎవరు వచ్చారో తెలిసినవాడు అందరికీ చెప్పే ఆట మంచిది. కట్టించిన వేషాన్ని తనే విప్పే మనిషి నడిపే ఆట మంచిది. అలాంటి మనిషి లేకపోతే ఎంత బాగున్నా దాని జోలికి పోవద్దంటాను. ఆ ఎండాకాలం నేను అలాంటి మనిషిని కాను. ఒకరి పరువు పోతుంటే చూసి, తరువాత నేర్చుకున్నాను.

"నాలుగో మనిషి వచ్చినారు" అన్నాను ఆ మధ్యాహ్నం లైనులో. "వచ్చినవారికి దండం. ఇది ఆట. ఈడ దొంగలెవరూ లేరు."

"గుర్రానికి మాటలేందప్పా" అన్నాడు ఖాజా.

నేను సకిలించాను.