చిటికెడు విత్తనాల దొంగ

మా బాబాయి దొంగ. నగల జోలికీ నోట్ల జోలికీ పోడు, ఆయన చేతివాటమంతా విత్తనాల మీదే. ఎవరింట్లోనైనా విత్తనాల పొట్లం విప్పి ఉంటే చాలు, మాటల్లో పెట్టి చిటికెడు జేబులో వేసుకుంటాడు. ఆయన వస్తున్నాడంటే వీధి వీధంతా పొట్లాలు బీరువాలో పెట్టి తాళం వేసేది.

వృత్తికి ఫ్యాన్ల మెకానిక్కు. ఊరందరి ఫ్యాన్లూ తిప్పగలడు. సొంత ఇంట్లో తిరిగేది మాత్రం ఒక్కటే, అదీ టమాటా నారు దగ్గర. పిన్ని అట్టముక్కతో విసురుకునేది.

"నాకూ కాస్త గాలి తగలనివ్వచ్చుగా?"

"నీకేమవుతుందే? నారుకు గాలాడకపోతే మొదలు కుళ్ళి పడిపోతుంది."

"అయితే నేనూ పడిపోయాక పెడతారా ఫ్యాను?"

బాబాయి కాసేపు నిజంగానే ఆలోచించాడు. పిన్నికి ఒళ్ళు మండింది అందుకే.

ఒక సెలవు రోజు ఎదురింటి టైలరమ్మ ఫ్యాను ఆగిపోయింది. నిచ్చెన పట్టుకోవడానికి నన్ను లాక్కెళ్ళాడు. కుట్టుమిషన్ పక్కన ఒక అగ్గిపెట్టె ఉంది. అందులో టమాటా విత్తనాలు. టైలరమ్మ వాళ్ళమ్మ ఏటా దాచుకుంటూ వచ్చిన రకమట. ఆవిడ పోయింది, మిగిలినవి ఇవే.

"రేపే చల్లుతానన్నయ్యా. ఇవి పోతే అమ్మ చేతి కాయ మళ్ళీ చూడను," అంది.

కిటికీలో ఆవిడ గులాబీ తొట్టి నిండా నీళ్ళు నిలిచి ఉన్నాయి. బాబాయి దానివంక చూసి, "పలచగా చల్లమ్మా, తడి మరీ ఎక్కువ కానీకు," అన్నాడు.

"అయ్యో, ఎండిపోవూ పాపం!" అంటూ ఆవిడ టీ తేవడానికి లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చేలోగా బాబాయి వేళ్ళు అగ్గిపెట్టెలో దూరి బయటికొచ్చాయి.

నాకు తల కొట్టేసినట్టయింది. "బాబాయ్! అవి కూడానా?"

"నువ్వు నిచ్చెన సరిగ్గా పట్టుకోరా," అన్నాడు.

టైలరమ్మ విత్తనాలన్నీ ఒకే ట్రేలో కుమ్మరించినట్టు చల్లింది. మిషన్ మీంచి లేచినప్పుడల్లా ఓ చెంబెడు పోసింది. నారు ఒత్తుగా మొలిచిందని వీధంతా పిలిచి చూపించింది. ఆ మురిపెం తీరకముందే ఓ ఉదయం ఏడుపు గొంతుతో మా గుమ్మంలో నిలబడింది.

బాబాయి వెళ్ళి చూశాడు. మట్టిని ఆనుకున్న చోట కాడలు నీరుకారి, దారంలా సన్నబడి, మొక్కలు వాలిపోయాయి.

"ఏదో ఒక మందేసి లేపండన్నయ్యా."

"పడింది లేవదమ్మా. పక్కవాటికి పాకకుండా చూద్దాం."

పడినవాటిని మట్టితో సహా తీసేశాడు. చెంబు అటక మీద పెట్టించాడు. కుళ్ళు తెగులుకు వాడే రాగి మందు నీళ్ళలో కలిపి మట్టి తడిసేలా పోశాడు. ఇంటికెళ్ళి నారు దగ్గరి ఫ్యాను ఎత్తుకొచ్చాడు. మాకు దక్కని గాలి ఎదురింటికి పోతోందని పిన్ని సణిగింది. అయినా అప్పటికే ఆలస్యమైంది. రోజుకిన్ని చొప్పున మిగిలినవీ వాలిపోయాయి.

"అమ్మ మళ్ళీ పోయినట్టుందన్నయ్యా," అని టైలరమ్మ ఖాళీ ట్రే ముందు కూలబడింది.

బాబాయి ఇంటికెళ్ళి ఇంకో ట్రే తెచ్చాడు. దేనికది ఎడంగా, బొద్దు కాడలతో నిలబడ్డ నారు.

"ఎవరివివి?"

"నీవే. కొట్టేశాను."

"ఎప్పుడు?"

"నువ్వు టీ తెచ్చేలోగా."

ఆవిడకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "అడిగితే ఇవ్వనా?"

"ఇస్తావు. ఎందుకని కూడా అడుగుతావు. నీ చేతిలో ఇవి బతకవేమోనని నీ మొహం మీదే అనమంటావా? దానికంటే దొంగ అనిపించుకోవడమే నయం."

వీధిలో ఎవరి నారు పోయినా మర్నాడు వాళ్ళ గుమ్మంలో నారు ట్రే ఒకటి ఎలా ప్రత్యక్షమయ్యేదో నాకప్పుడు తెలిసింది. ఇంతకాలం ఆ పుణ్యమంతా వీధి మూలింటి బడిపంతులు ఖాతాలో పడింది. ఆయనా కాదనలేదు.

"ట్రే అడుగున నీళ్ళు పెట్టు, అవే పీల్చుకుంటాయి. పైమట్టి ఆరాకే మళ్ళీ పెట్టు," అని చెప్పి, బాబాయి మాటల్లోనే కిటికీ వైపు జరిగాడు. అక్కడ మిరప విత్తనాల పొట్లం విప్పి ఉంది. నేను కళ్ళతోనే వద్దన్నాను. ఆయన నావైపు చూస్తేగా!

టైలరమ్మ మాత్రం చూసింది. పొట్లాన్ని ఆయన చేతికి అందేలా ఇంకాస్త జరిపి, "టీ తెస్తానన్నయ్యా," అంటూ లోపలికి వెళ్ళింది.