సంచిలో పలుపు

నా చిన్నప్పుడు మా ఇంటికి గేదె కన్నా ముందు పలుపు వచ్చింది. పలుపంటే పశువు మెడకి కట్టే తాడు. ఈ కాలం పిల్లలకి అది కూడా చెప్పాల్సి వస్తోంది కాబట్టి చెబుతున్నాను. మా అమ్మమ్మ జనపనార తెప్పించుకుని, వీధి అరుగు మీద కూర్చుని, ఒక కొస కాలి బొటనవేలికి చుట్టుకుని, దాన్ని తనే పేనింది. దారిన పోయేవాళ్ళు ఆగి, గేదె ఏదమ్మా అని అడిగేవారు. దారిలో ఉంది, వస్తోంది అనేది. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని వాళ్ళు నవ్వుకుంటూ పోయేవారు. అమ్మమ్మ కూడా నవ్వేది. చేతులు మాత్రం ఆగేవి కావు.

మాది నరసాపురం పక్కనున్న పల్లె. అక్కడ ఆడవాళ్ళు చాలామంది లేసు అల్లుతారు. మా అమ్మమ్మ చేతిలో తెల్లదారం పువ్వయ్యేది, ఆకయ్యేది, నెమలయ్యేది. అలా సూది మొనతో కూడబెట్టిన డబ్బు ఒక పాత గుడ్డసంచిలో ఉండేది. కానీ ఆ ఏడు తన కళ్ళు మసకబారడం మొదలైంది. దీపం దగ్గరికి, ఇంకా దగ్గరికి జరుగుతూ ఉండేది. సూది ఆగిపోయేలోగా ఇంట్లో పాడి ఉండాలన్నది ఆవిడ ఆరాటం. ఆ డబ్బుతో మంచి గేదె వస్తే మేం గట్టెక్కినట్టే. తప్పు గేదె వస్తే మళ్ళీ అంత డబ్బు అల్లడానికి ఆవిడకి కళ్ళు లేవు. ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు. ఎవరూ పైకి అనేవారు కాదు.

గోదావరి అవతల ఒక లంక ఊళ్ళో మంచి గేదె ఉందని కబురొచ్చింది. నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. మేం పంటు ఎక్కాం. పంటంటే రెండు పడవలు జతచేసి పైన బల్లలు పరిచి, మనుషుల్ని ఏరు దాటించేది. ఆ మధ్యాహ్నం ఏరు ఎంత వెడల్పుగా ఉందంటే, నీళ్ళెక్కడ ఆగాయో ఆకాశం ఎక్కడ మొదలైందో నాకు తెలియలేదు. అవతలి గట్టున కొబ్బరిచెట్లు మమ్మల్ని చూసి లేచి నిలబడుతున్నట్టు మెల్లగా పైకొచ్చాయి. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ చెట్లు అలాగే వస్తాయి.

దిగే ముందు అమ్మమ్మ సంచి తెరిచి చూపించింది. పైన లేసు ముక్కలు, వాటి కింద చుట్టచుట్టిన పలుపు. మా వైపు గేదెను అమ్మినవాళ్ళు పలుపు ఇవ్వరు. పలుపు పోతే ఇంట్లో పాడి పోతుందని నమ్మకం. అందుకని కొనేవాళ్ళే తమ పలుపు తీసుకెళ్ళాలి. చాలామంది దాన్ని భుజాన వేసుకుని దర్జాగా వెళతారు.

"బేరం తెగేదాకా ఇది బయటికి రాకూడదు. పలుపు కనబడిందంటే గేదె మీద మనసు పడ్డామని ఆయనకి తెలిసిపోద్ది. ఇంక ధర దిగదు," అంది అమ్మమ్మ.

అలాగే అని తలూపాను. కానీ పాకలో గేదెను చూడగానే నా మనసు సంచిలో దాచుకునేంత చిన్నదని అనిపించలేదు. నల్లగా, రాసిన నూనెతో నిగనిగలాడుతూ, నుదుట తెల్లచుక్కతో, మెడలో ఇత్తడి గంటతో నిలబడి ఉంది. నేను చెయ్యి చాపితే నాకింది. ఆ నాలుక గరుకుదనం మోచేతిదాకా పాకింది. అంతే, అది నాదైపోయింది. దానికి పేరు పెట్టేశాను కూడా. ఆ పేరు మాత్రం ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

ఆ గేదె ఆసామి మాట తేనె. ఆయన భార్య ఇంకా మంచిది. మాకు కొబ్బరిబొండాలు కొట్టించి, నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని జడ వేసి కనకాంబరాలు పెట్టింది. సాయంత్రం పాలు పిండుతుంటే తపేలా నిండి నురగ పైకి పొంగింది. నేను చప్పట్లు కొట్టాను. ఆసామి నావైపు చూసి ముచ్చటగా నవ్వాడు. బేరం ఎటు వాలుతోందో ఆయనకి ఆ చప్పట్లే చెప్పుంటాయని ఇప్పుడు అనుకుంటాను.

అమ్మమ్మ ధర అడిగింది. ఆయన ధర చెప్పలేదు.

"డబ్బుకేం తొందరండి అక్కగారూ? ఇప్పుడో సగం ఇచ్చి తోలుకెళ్ళండి. మిగతాది వారం వారం మీరు అల్లే లేసులో రెండు ముక్కలు పంపించండి చాలు. మీకు తెలీను కూడా తెలీదండి."

ఎన్ని వారాలు అని అమ్మమ్మ అడిగితే, అదేముందండి, అలా జరిగిపోద్ది అన్నాడు. తర్వాత గంట చూపించాడు. గంటకి వేరే ఇవ్వాలట. కట్టుగొయ్యకి వేరే. కొత్తచోట మేత అలవాటయ్యేదాకా తన గడ్డివామి నుంచి గడ్డి, దానికీ వేరే. ఒక్కోటి వింటుంటే చాలా చిన్నవి. లెక్కచెయ్యడానికే సిగ్గుపడేంత చిన్నవి. అమ్మమ్మ అన్నీ ఓపిగ్గా విని, చివర ఒకటే మాట అనేది.

"బాగానే ఉందండి. అన్నీ కలిపి ఎంతండి?"

ఆయన మళ్ళీ గేదె తల్లి గొప్పదనం దగ్గర్నుంచి మొదలుపెట్టేవాడు. అమ్మమ్మ మళ్ళీ అదే మాట. గొంతు పెంచలేదు, వెటకారం లేదు. జోలపాటలో పల్లవిలా ఆ మాట వచ్చి పోతూ ఉంటే నేను అరుగు మీద కునికిపాట్లు పడ్డాను. నా మీదనుంచి ఏటిగాలి పోతోంది. గంట ఎక్కడో మోగుతోంది. అన్నీ కలిపి ఎంతండి, అన్నీ కలిపి ఎంతండి.

మొత్తం ఎంతో ఆయన చెప్పకుండానే పొద్దు వాలింది. పంటు పోతుందండి, ఆ పలుపేదో తీస్తే తోలించేస్తాను అన్నాడు. పొద్దుటి పాలు కూడా చూసి వెళతాం అంది అమ్మమ్మ. రెండు పూటల పాలు చూడందే గేదెను కొనకూడదన్నది మా వైపు రివాజే. కాకపోతే అంత మర్యాద చేసినవాళ్ళ ఇంట్లో అది అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది. అమ్మమ్మకి రాలేదు. ఆయన కాదనలేక, ఆయ్, దానికేముందండి, అన్నాడు.

పొద్దున లేచేసరికి లంక అంతా మంచు. పాక కనబడలేదు, గంట చప్పుడు మాత్రం వినబడింది. ఆ చప్పుడు పట్టుకునే వెళ్ళాం. మామూలుగా ఏ గేదెకైనా పొద్దుటి పాలే ఎక్కువ. ఆ రోజు తపేలాలో సగానికి కూడా రాలేదు. కొత్తవాళ్ళని చూసి గేదె చేపలేదండి అన్నాడు ఆసామి. చేపడమంటే పాలు విడవడం. నిన్న కూడా కొత్తవాళ్ళమేగా అని అమ్మమ్మ అనలేదు. ముందురోజు ఒక పూట పిండకుండా వదిలేసి, ఆ పాలూ ఈ పాలూ కలిపి సాయంత్రం మా ముందు పొంగించారని ఆవిడకి అర్థమైంది. నాకు పంటు ఎక్కాక చెప్పింది. అక్కడ మాత్రం ఆ ఇల్లాలికి ఒక లేసు ముక్క చేతిలో పెట్టి, పిల్లకి జడ ఎంత బాగా వేశారండీ అని, ఆలోచించుకుని కబురు చేస్తామండి అని, చెప్పులు వేసుకుంది.

నేను ఏడ్చాను. చుక్క గేదె మంచులోంచి నావైపే చూస్తోందనిపించింది. రేవుదాకా ఏడుస్తూనే నడిచాను. ఆసామి మా వెనకాల పరిగెత్తుకొచ్చి సగం ధరకి ఇస్తాడని ఎదురుచూశాను. కథల్లో అలాగే జరుగుతుంది. ఆయన రాలేదు.

పంటు మధ్య ఏట్లోకి వచ్చాక అమ్మమ్మ సంచిలోంచి పలుపు తీసి నా ఒళ్ళో పెట్టింది. కొత్త నార వాసన. దాన్ని పట్టుకుని, ఊళ్ళో అందరూ నవ్వుతారు అమ్మమ్మా, ఉత్త పలుపుతో వచ్చామని, అన్నాను.

"నవ్వనీవే. గేదె మెడకి వేద్దామని తెచ్చిన పలుపు మన మెడకి వేసుకుని పోతున్నామా? లేదుగా. పలుపుంది, డబ్బుంది, రేపుంది. ఇంకేం కావాలి?"

అలా అని నా తల తన భుజానికి చేర్చుకుంది. ఆవిడ కళ్ళూ తడిగానే ఉన్నాయి. గేదె లేకుండా తిరిగి రావడం ఆవిడకీ కష్టమేనని నాకు అప్పుడు తెలిసింది. కష్టమైనా చేసిందని మాత్రం చాలా ఏళ్ళకి తెలిసింది.

ఊళ్ళో అనుకున్నట్టే నవ్వారు. పలుపు చాలా రోజులు పాకలో మేకుకి వేలాడింది. తర్వాత పక్క ఊళ్ళో ఒక గేదె దొరికింది. ఒళ్ళంతా దుమ్ము, ఒక కొమ్ము విరిగింది, గంటా లేదు గొడవా లేదు. అడగ్గానే వాళ్ళు మొత్తం ధర ఒక్కమాటలో చెప్పారు, రెండు పూటలూ అమ్మమ్మనే పిండుకోమన్నారు. దాన్ని చూసి నేను మూతి ముడిచాను. వానాకాలం వెళ్ళేసరికి దాని వీపు మీద పడుకుని పాటలు పాడుతున్నాను. అమ్మమ్మ సూది ఆగిపోయాక ఆ ఇంటిని నడిపింది ఆ విరిగిన కొమ్ము గేదే.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, పోయిన వారం నా మనవరాలు కారు కొనడానికి నన్ను రాజమండ్రి తీసుకెళ్ళింది. మేం కొవ్వూరులో ఉంటాం. అది కడియం అవతల ఒక కాలేజీలో పాఠాలు చెబుతుంది. రోజూ స్కూటర్ మీద వంతెన దాటి, నర్సరీ మొక్కల లారీల మధ్య పోయి వస్తుంది. కారు కోసమని కొన్నేళ్ళుగా చీర కొనుక్కోకుండా, సినిమాకి వెళ్ళకుండా కూడబెట్టుకుంది. మళ్ళీ అంత కూడబెట్టడమంటే మాటలు కాదు.

షోరూమ్ ఒక చల్లటి కల. అద్దాల గదిలో దీపాల కింద ఎర్ర కారు నిగనిగలాడుతోంది. దాని మీద చెయ్యి వెయ్యగానే మా పిల్ల మొహం వెలిగిపోయింది. ఆ మొహం నాకు బాగా తెలుసు. లంక ఊళ్ళో పాక ముందు నాది అదే మొహం. ఒక కుర్రాడు ఎంతో మర్యాదగా కాఫీ ఇప్పించి, నన్ను అమ్మమ్మగారూ అని పిలిచి, మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టాడు. కనకాంబరాలు ఒక్కటే తక్కువ. ధర ఎంతని మా పిల్ల అడిగితే, నెలకి ఇంతేనండి మేడమ్, మీ జీతానికి తెలీను కూడా తెలీదు అన్నాడు. నా చేతిలో కాఫీ కప్పు ఆగిపోయింది. సీటు కవర్లు, పైన మెరుపు పూత, ఇంకో రెండేళ్ళ వారంటీ, ఇన్సూరెన్స్ కూడా తమ దగ్గరే అని ఒక్కోటీ చూపించాడు. అన్నీ చిన్నవే. ఆఫర్ ఇవాళ్టితో ఆఖరట.

నేను నోరు తెరవబోయాను. అంతలో మా పిల్ల అంది.

"బాగానే ఉందండి. రోడ్డెక్కేదాకా అన్నీ కలిపి ఎంతండి?"

చిన్నప్పుడు పాలు తాగనని మారాం చేస్తే దానికి ఈ కథ చెప్పేదాన్ని. పాల కోసం చెప్పాననుకున్నాను, అది దేనికోసం విందో నాకేం తెలుసు! కుర్రాడు మళ్ళీ నెల లెక్క దగ్గరికి వెళ్ళాడు. అప్పు కట్టే ఏళ్ళు పెంచితే నెలకి ఇంకా తగ్గుతుందన్నాడు. నెలకి తగ్గితే మొత్తం మీద వడ్డీ పెరుగుతుంది కదండీ అని ఇది నవ్వుతూనే అంది. సీటు కవర్లు బయట కుట్టించుకుంటానంది. ఇన్సూరెన్స్ బయట ఎంతకి వస్తుందో ముందే కనుక్కున్నానంది. పాత స్కూటర్ ఇచ్చేస్తారా అంటే, ముందు కారు ధర తెగనివ్వండి, స్కూటర్ బేరం వేరే అంది. తన బ్యాంకులో ముందే వడ్డీ మాట్లాడుకుని లోను ఖాయం చేసుకున్న సంగతి మాత్రం పైకి చెప్పలేదు. పొద్దున్న బయల్దేరే ముందు నాకొక్కదానికే చెప్పింది. మెత్తటి కుర్చీలో కూర్చుని, దాని సంచిలో పలుపుందని తెలిసి, నేను గుంభనగా కాఫీ తాగాను.

కారు నడిపి చూసింది. షోరూమ్ ముందున్న నున్నటి రోడ్డు మీద ఒకసారి. తర్వాత నన్ను వెనక కూర్చోబెట్టుకుని కాలవగట్టు గతుకుల మీద మరోసారి. అది రెండో పూట పాలు. నా నడుం సంగతి అడిగి రాసుకుంది. చివరికి ఆ కుర్రాడితో, ఇంకో రెండుచోట్ల కూడా చూసి, ఆలోచించుకుని ఫోన్ చేస్తానండి అంది. పాపం అతను మంచివాడే, అతని ఉద్యోగం అది. గుమ్మందాకా వచ్చి సాగనంపాడు. మా పిల్ల ఎర్ర కారు వైపు తిరిగి ఒక్కసారి చూసింది.

స్కూటర్ మీద వెనక కూర్చుని, దాని నడుం పట్టుకుని వంతెన ఎక్కాను. సందెవేళ. కింద గోదావరి, ఎక్కడ ఆగిందో తెలియనంత గోదావరి. సగం దాటాక అడిగింది, ఇంతకీ ఆ చుక్క గేదె ఏమైంది అమ్మమ్మా అని. దాని గొంతు బొంగురుగా ఉంది.

నాకు తెలీదన్నాను. అది నిజం. ఎవరు కొన్నారో, ఎవరి పాకలో ముసలిదైందో తెలీదు. కానీ ఇప్పటికీ నా కలలోకి వస్తుంది. లంక అంతా మంచు, గంట చప్పుడు, ఆ తెల్లచుక్క. నేను దాని మెడ కావలించుకుంటాను, ఎవరికీ చెప్పని పేరుతో పిలుస్తాను. అది నా చెయ్యి నాకుతుంది. ఎంత ఇష్టమో చెప్పలేను. అయినా, అన్నీ కలిపి ఎంతండి అని మంచులోకి అడుగుతాను. నా సంచిలో పలుపు ఉంటుంది. తియ్యను.